బావి తవ్వించడం ఒకరోజు పని, చూసుకోవడం రోజూ పని

(క్యారీ తెలుగు సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



కూచిపూడి నృత్యానికీ పద్యపఠనానికీ నడుమ మాకు కొంచెం సమయం ఇస్తామని కార్యవర్గంవారు చెప్పి, ఏ విషయం మీద మాట్లాడతారని అడిగారు. బావి, సెప్టిక్ ట్యాంకు అన్నాము. ఒక్క క్షణం తటపటాయించి, సరే కానివ్వండి అన్నారు. భోజనాల ముందు ఈ ప్రసక్తి ఏమిటని ఎవరికైనా అనిపిస్తే మన్నించాలి. వంట మొదలయ్యేది నీళ్ళతోనే, ముగిసేది తూము దగ్గరే గదా. ఆ రెండూ సరిగా లేని ఇంట్లో ఏ పండుగా నిలవదు.

మేమంటే ఎవరమో చెప్పుకోవాలి. క్యారీ ఊరి పొలిమేర దాటాక చాటం, హార్నెట్, జాన్‌స్టన్ కౌంటీల పల్లెపట్టుల్లో ఇళ్ళు కొనుక్కొని, సొంత బావి నీళ్ళు తాగుతూ, సొంత సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడి ఉన్న కొన్ని కుటుంబాలవాళ్ళం. పట్టణంలో ఉన్న మీకు కుళాయి తిప్పితే జోర్డన్ సరస్సు నీరు శుద్ధి అయి వస్తుంది. వాడిన నీరు మురుగు గొట్టంలో పోతుంది. దాని సంగతి చూడడానికి పట్టణంవారు జీతాలిచ్చి మనుషులను పెట్టారు. అరగంట కారు ప్రయాణం చేస్తే ఆ గొట్టాలు ఆగిపోతాయి. అక్కడ ఎవరి నీటికి వారే కాపలా. ఈ ఉత్తర కరోలినా రాష్ట్రంలో సుమారు 24 లక్షలమంది, అంటే జనాభాలో దాదాపు నాలుగోవంతు, సొంత బావుల నీరే తాగుతున్నారు. ఇళ్ళలో ఇంచుమించు సగం సెప్టిక్ ట్యాంకుల మీద నడుస్తున్నాయి.

దేశంలో తాగునీటి రక్షణకు 1974లో చేసిన సమాఖ్య చట్టం ఉన్నది. కాని అది ఊరి సరఫరాలకే గాని ఒక్క ఇంటి బావికి వర్తించదు. ఈ రాష్ట్రంలో కొత్త బావికి అనుమతి, తనిఖీ, నీటి పరీక్ష తప్పనిసరి అయినది 2008 జూలై 1 నుంచి మాత్రమే. అంతకు ముందు తవ్విన బావిని ఎవరు పరీక్షించారో, అసలు పరీక్షించారో లేదో, ఇల్లు కొన్నవారే విచారించుకోవాలి. ఒకసారి పరీక్ష అయిన తరువాత మళ్ళీ ఏటేటా చేయించుకోమని ఇంటికి వచ్చి చెప్పేవారెవరూ ఉండరు. కాబట్టి ఈ విద్య ఇంటివారికే రావాలి. ఈనాటి మా మాట అంతా దీని గురించే.

ఇది కొత్త మాట కాదు. మనం కూర్చున్న ఈ క్యారీతో దీనికొక పాత సంబంధం ఉన్నది. ఈ ఊరిని స్థాపించిన ఫ్రాంక్ పేజ్ గారి కుమారుడు వాల్టర్ హైన్స్ పేజ్ 1855లో ఇక్కడే పుట్టాడు. పెద్దయ్యాక పేరుపొందిన పత్రికా సంపాదకుడై, తరువాత బ్రిటనులో అమెరికా రాయబారిగా కూడా పనిచేశాడు. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పల్లెల స్థితిగతులు చూసిరమ్మని ఒక సంఘాన్ని పంపాడు. అందులో పేజ్ సభ్యుడు. దక్షిణాది రాష్ట్రాలలో రైలు ప్రయాణంలో ఆయన వెంట చార్లెస్ వార్డెల్ స్టైల్స్ అనే జంతుశాస్త్రవేత్త ఉన్నాడు. స్టేషన్లలో పాలిపోయిన ముఖాలతో, నీరసంగా నిలబడిన పేద రైతుకూలీలను చూపించి, వీరిది సోమరితనం కాదు, కడుపులో కొంకి పురుగు రక్తం తాగేస్తున్నది అని స్టైల్స్ వివరించాడు.

ఆ పురుగు సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. ఆరుబయట మలవిసర్జన చేసినచోట దాని గుడ్లు మట్టిలో పొదుగుతాయి. చెప్పులు లేని పాదం ఆ మట్టి తొక్కితే పిల్లపురుగు చర్మంలోంచి లోపలికి పోయి, చివరికి పేగులకు చేరి అంటుకొంటుంది. మనిషి క్రమంగా రక్తహీనుడవుతాడు. చదివే పిల్ల చదవలేదు, దున్నే రైతు దున్నలేడు. చెంబు పట్టుకొని పొలంగట్టుకు వెళ్ళిన తరాలన్నీ ఈ బాధ పడ్డవే.

పేజ్ చొరవతో స్టైల్స్ మాట ధనవంతుడైన రాక్‌ఫెల్లర్ మనుషుల చెవిన పడింది. 1909 అక్టోబరులో 10 లక్షల డాలర్ల విరాళంతో రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ ఏర్పడింది. పేజ్ అందులోనూ సభ్యుడయ్యాడు. 11 దక్షిణాది రాష్ట్రాలలో వారు చేసిన పని చూడండి. పల్లెలలో సంతలాగా శిబిరాలు పెట్టారు. మందు ఊరికే ఇచ్చారు. మందుతోపాటు సూక్ష్మదర్శినిలో పురుగు గుడ్లను జనానికే చూపించారు. నమూనా మరుగుదొడ్డిని అక్కడే నిలబెట్టి, ఇంటి దగ్గర ఎలా కట్టుకోవాలో చెప్పారు. పరీక్షించిన బడిపిల్లలలో సుమారు 40 శాతంమందికి ఆ పురుగు ఉన్నట్టు తేలింది. 1914 చివరికి దాదాపు 7 లక్షలమందికి చికిత్స అందింది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. వారు తనిఖీ చేసిన పల్లె ఇళ్ళలో ఇంచుమించు సగానికి ఏ రకమైన దొడ్డీ లేదు. మందు తిన్నవాడు అదే నేల మీద అదే పాదంతో నడిచాడు. పురుగు మళ్ళీ వచ్చింది. మందు ఒక్క రోజులో ఇవ్వవచ్చు, అలవాటు మాత్రం ఇంటింటా నేర్పాలి, ఏళ్ళ తరబడి నేర్పాలి అని వారికి తెలిసివచ్చింది. ఆ ప్రయత్నంలోంచే ఈ రాష్ట్రంలో కౌంటీ ఆరోగ్యశాఖలు బలపడ్డాయి. 1920లలో అదే రాక్‌ఫెల్లర్ సంస్థ మనుషులు మద్రాసు రాజధానికి వెళ్ళి అక్కడా కొంకి పురుగు మీద పని చేశారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. క్యారీలో పుట్టిన ఒక మనిషి తలపెట్టిన పని మన తాతముత్తాతల సీమ దాకా వెళ్ళిందన్నమాట.

ఇక ఇంటి విషయానికి వద్దాము. మా కుటుంబాలలో అనుభవం మీద తేలినవి, కౌంటీవారి దగ్గర, వ్యవసాయ విస్తరణ శాఖవారి దగ్గర నేర్చుకొన్నవి కొన్ని చెబుతాము.

మొదటిది బావి. ఇక్కడి బావి మన ఊరి గిలకబావి కాదు, బోరుబావి. నేలపైకి అడుగు ఎత్తున కనబడే కేసింగు గొట్టం, దాని మూత, చుట్టూ వేసిన సిమెంటు, ఇవే దానికి గడపా తలుపూను. మూత పగిలితే చీమలు, పురుగులు, వాననీరు లోపలికి పోతాయి. చుట్టూ నేల కుంగితే పై నీరు గొట్టం వెంట దిగుతుంది. అందుకని నెలకొకసారైనా వెళ్ళి కళ్ళారా చూడాలి. బావికీ సెప్టిక్ వ్యవస్థకూ నడుమ ఇక్కడ సాధారణంగా చెప్పే దూరం 100 అడుగులు. స్థలాన్ని బట్టి కౌంటీవారు నిర్ణయిస్తారు. ఎరువుల బస్తాలు, కలుపుమందు డబ్బాలు, పెట్రోలు క్యాన్లు బావి దగ్గర పెట్టరాదు.

నీటి పరీక్ష గురించి రాష్ట్ర ఆరోగ్యశాఖ చెప్పే లెక్క సులభమే. కోలిఫారం బాక్టీరియాకు ఏటేటా, నైట్రేటుకూ లోహాలకూ రెండేళ్ళకొకసారి, పురుగుమందులకూ ద్రావకాలకూ అయిదేళ్ళకొకసారి. వరద వచ్చి బావి మునిగితే వెంటనే. 2018లో ఫ్లోరెన్స్ తుఫాను తూర్పు జిల్లాలను, 2024లో హెలీన్ తుఫాను పడమటి కొండసీమను ముంచినప్పుడు వేల బావులను క్లోరినుతో కడిగి, మళ్ళీ పరీక్షించవలసి వచ్చింది.

ఇక్కడ మన ఇళ్ళలోని ఒక నమ్మకం గురించి చెప్పాలి. ఇండియానుంచి వచ్చిన అమ్మలు, అత్తగార్లు నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తారు. అది మంచి అలవాటే. కాచితే క్రిములు చస్తాయి. కాని ఆర్సెనికు, యురేనియం, నైట్రేటు కాగవు, ఆవిరి కావు. నీరు ఆవిరైనకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. ఈ వేక్ కౌంటీ తూర్పుభాగంలో రాతినుంచి బావుల్లోకి యురేనియం దిగే చోట్లు ఉన్నాయి. రాష్ట్రం మధ్యలో యూనియన్, స్టాన్లీ కౌంటీలవైపు ఆర్సెనికు ఉన్నది. వీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నైట్రేటు ఎక్కువైన నీటితో పసిబిడ్డకు పాలు కలిపితే బిడ్డ రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్ళు నీలిరంగుకు తిరుగుతుంది. బాలింత ఉన్న ఇంట్లో ఈ పరీక్ష వాయిదా వేయరాదు.

రెండవది సెప్టిక్ ట్యాంకు. ఇంటి మురుగంతా అందులోకి వచ్చి మూడు పొరలుగా తేరుకొంటుంది. బరువైనది అడుగున బురదగా చేరుతుంది. నూనె, కొవ్వు పైన మీగడలా కడుతుంది. నడుమ నీరు మాత్రం ఇంకుడు నేలలోకి పోతుంది. అక్కడ మట్టి దాన్ని వడగడుతుంది, మట్టిలోని సూక్ష్మజీవులు శుద్ధి చేస్తాయి. మన పని ఏమిటంటే బురదా మీగడా హద్దు దాటి ఆ నేలలోకి పోకుండా చూడడమే. అందుకే 3 నుంచి 5 ఏళ్ళకొకసారి ట్యాంకు ఖాళీ చేయించాలంటారు. అది కొన్ని వందల డాలర్ల ఖర్చు. ఇంకుడు నేల మూసుకుపోతే కొత్తది వేయించడానికి వేల డాలర్లవుతుంది. క్యారీ పడమటివైపు నేల బంకమట్టి, నీరు తొందరగా ఇంకదు. అలాటిచోట మరింత జాగ్రత్త కావాలి.

తెలుగు వంటింటికి ప్రత్యేకంగా కొన్ని మాటలు. గారెలు, పూర్ణాలు వేయించిన నూనె తూములో పోయకండి. చల్లారాక డబ్బాలో పోసి చెత్తలో వేయండి. గ్రైండరు కడిగిన పిండినీళ్ళు, మాడిన పప్పు, పచ్చడి తొక్కు, కూరగాయల చెక్కు ట్యాంకుకు బరువే. కుడితి వేయడానికి గేదె లేదు గనుక తూమే గేదె అనుకొంటే కుదరదు. తడి రుమాళ్ళు, డబ్బా మీద ఏమి రాసి ఉన్నా, దొడ్డిలో వేయరాదు. ఆదివారం నాడే వారమంతటి బట్టలూ ఉతికితే ట్యాంకులో తేరుకొనే వ్యవధి ఉండదు. రోజుకు కొన్ని వేసుకోవాలి. ఇంటికి 60 మంది చుట్టాలను పిలిచే వ్రతం ఉంటే ముందే ట్యాంకు సంగతి కనుక్కోవాలి. ఆ చుట్టాల కార్లు ఇంకుడు నేల మీద ఆపనీయకూడదు, కింద గొట్టాలు నలిగిపోతాయి. ఎండ బాగా పడే జాగా అని మన పెద్దవాళ్ళు గోంగూర, తోటకూర విత్తనాలు చల్లడానికి సరిగ్గా అక్కడికే వెళతారు. అక్కడ గడ్డి తప్ప ఏదీ పెంచరాదు, తినేది అసలే వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు, మూత తీసి వంగి చూడకూడదు. లోపల చేరే విషవాయువు క్షణంలో మనిషిని పడగొడుతుంది. పడినవాణ్ణి తీయబోయినవాడూ పడతాడు. పిల్లలు ఆడుకొనేచోట మూతలు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఈ చివరి మాట అనేసరికి మన దేశం గుర్తుకు రాక మానదు. అక్కడ ఆ ట్యాంకులోకి మనిషి దిగాడు. ఎవరు దిగారో, ఏ కులంవారిని దింపారో మనందరికీ తెలుసు. పాకీపనిని నిషేధిస్తూ 1993లోను, మళ్ళీ 2013లోను చట్టాలు వచ్చాయి. అయినా ఆ చావులు పూర్తిగా ఆగలేదు. మన ఇంటి మురుగు సంగతి మనకెందుకు, దానికొక కులం ఉన్నదిగా అన్న తలపు ఉన్నంతకాలం దొడ్డి కట్టినా దాన్ని చూసుకోవడం ఎవరూ నేర్చుకోరు. ఈ నేర్పు విషయంలో ఇంత పట్టుదల మాకెందుకంటే ముఖ్యకారణం ఇదే.

ఆ తలపు మారగలదు. వరంగల్లు దగ్గర గీసుకొండ మండలంలో గంగదేవిపల్లె అనే ఊరున్నది. 1990లలో బాలవికాస అనే సంస్థ తోడ్పాటుతో ఆ ఊరివారు తామే చందాలు వేసుకొని నీళ్ళట్యాంకు కట్టుకొన్నారు. బాలవికాసను నిలబెట్టిన సింగారెడ్డి బాల థెరీసా గారు తెలుగు ఆడపడుచు, కెనడా కోడలు. ప్రవాసంనుంచి మన పల్లెలకు చేయి అందించిన తొలివారిలో ఆమెను చెప్పుకోవాలి. గంగదేవిపల్లెలో పనికొక కమిటీ ఉన్నది. నీటి లెక్కలు ఊరివారే రాస్తారు, రుసుము ఊరివారే వసూలు చేస్తారు, మరమ్మతు వస్తే ఊరివారే చూసుకొంటారు.

2017 ఫిబ్రవరిలో అదే ఊళ్ళో ఒక విశేషం జరిగింది. కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు, మరికొందరు పై అధికారులు ఒక మరుగుదొడ్డి గుంటలోకి దిగి, అందులోని ఎరువును తమ చేతులతో ఎత్తి బయటపోశారు. అది సెప్టిక్ ట్యాంకు కాదు, రెండు గుంటల దొడ్డి. ఒక గుంట నిండాక దాని దారి మూసి రెండోదాన్ని వాడతారు. నిండిన గుంటను ఏడాదికి పైగా ముట్టుకోకుండా వదిలితే నీరు నేలలోకి ఇంకి, మిగిలింది వాసన లేని ఎరువవుతుంది. ఇది తెలిసిన ఇంటివాడు పార పట్టుకొని తానే తీసుకోగలడు. తెలియని ఇంట్లో రెండు గుంటలూ ఒకేసారి నింపి, మళ్ళీ పాకీపనికి మనిషిని వెతుకుతారు. ఇటుకా సిమెంటూ రెండు ఇళ్ళలోనూ ఒకటే. తేడా అంతా నేర్పులో ఉన్నది.

నీటి విషయంలోనూ ఇంతే. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించి ప్రకటించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ పేరు దానికి మారుపేరయింది. వంగిన కాళ్ళు, బిగుసుకొన్న వెన్నెముకలు మనలో కొందరు చూసే ఉంటారు. నాగపూరు జాతీయ పరిశోధనాలయంవారు నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి తేర్చి ఫ్లోరైడును తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ప్రపంచమంతా ఆ పేరు తెలుసు. కాని అది రోజూ కొలత తప్పకుండా చేయవలసిన పని. చేసే చేయి ఉన్నచోట పనిచేసింది, లేనిచోట బకెట్టు మూలపడింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణానీటిని ఆ పల్లెలకు తెచ్చింది. 2019లో వచ్చిన జల జీవన్ మిషన్ ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవారికి నీటి పరీక్ష నేర్పాలని నియమం పెట్టింది. బిందె మోసినవారి చేతికే పరీక్ష పెట్టె ఇవ్వడం సబబైన ఆలోచన.

మరి మనమేం చేస్తున్నాము? ఊరి మీద ప్రేమతో నీటిశుద్ధి యంత్రం కొనిస్తాము, బడికి దొడ్లు కట్టిస్తాము. శిలాఫలకం మీద అమ్మానాన్నల పేరు చూసి సంతోషిస్తాము. అది చిన్న విషయం కాదు, వారి పేరు నిలవాలనే గదా చేసేది. కాని ఆ యంత్రంలో పొర మార్చవలసిన రోజు వస్తుంది, మోటారు కాలుతుంది, వృథానీరు ఎక్కడికి వదలాలన్న ప్రశ్న వస్తుంది. అది ఎవరికీ నేర్పకుండా, అందుకు డబ్బు కేటాయించకుండా వచ్చేస్తే రెండేళ్ళకు యంత్రానికి తాళం పడుతుంది. అమ్మానాన్నల పేరు ఆ తాళం పక్కన ఉంటుంది.

అందుచేత ఈ సభవారికి మూడు విన్నపాలు చేస్తున్నాము.

మొదటిది, బావి, ట్యాంకు ఉన్న ప్రతి ఇంటా ఒక పుస్తకం పెట్టండి. కౌంటీ ఆరోగ్యశాఖనుంచి మీ ఇంటి అనుమతి పత్రం, పటం నకలు తెచ్చుకొని అందులో అంటించండి. నీటి పరీక్ష ఎప్పుడు, ట్యాంకు తీయించినది ఎప్పుడు, రాసిపెట్టండి. ఇల్లు అమ్మినప్పుడు తాళంచెవులతోపాటు ఆ పుస్తకమూ ఇవ్వండి.

రెండవది, ఏడాదికొక రోజు మన సంఘం తరఫున శిక్షణ పెట్టుకొందాము. వ్యవసాయ విస్తరణ శాఖకు ఈ రాష్ట్రంలోని 100 కౌంటీలకూ సేవలున్నాయి. వారిని పిలుద్దాము. భర్తలే రావాలని లేదు. ఇంట్లో నీళ్ళు ఎక్కువగా వాడేది ఎవరో వారూ రావాలి, పదేళ్ళు దాటిన పిల్లలూ రావాలి. ఇంగ్లీషు రాని పెద్దలకు తెలుగులో చెప్పే పూచీ మాది. ఇరుగుపొరుగు అమెరికన్ కుటుంబాలనూ పిలుద్దాము. తరతరాలుగా బావినీళ్ళు తాగినవారు వారు, మనకు చెప్పవలసినవి వారి దగ్గరా ఉంటాయి.

మూడవది, ఇకమీదట మన సంఘం ఏ ఊరికి నీటి యంత్రమో దొడ్లో ఇచ్చినా, ఆ ఊరివారు ఇద్దరికి, అందులో ఒకరు స్త్రీ, శిక్షణ ఇప్పించే ఖర్చు కూడా విరాళంలోనే కలపాలి. ఊరివారు నెలకు కొంత రుసుము వేసుకొని మరమ్మతుల నిధి పెట్టుకోవాలి. నీటి పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద అంటించాలి. ఫలకం మీద దాత పేరు కింద, చూసుకొంటున్నవారి పేరూ చెక్కించాలి.

పిల్లలతో ఒక్క మాట. నానమ్మ ఊరు వెళ్ళినప్పుడు మంచినీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి అని అడగండి. ఇక్కడ మీ ఇంట్లోనూ అదే ప్రశ్న మీ నాన్నగారిని అడగండి. జవాబు తెలియకపోతే ఇద్దరూ కలిసి పెరట్లోకి వెళ్ళి వెతకండి.

భోజనశాల ద్వారం దగ్గర ఒక బల్ల మీద నమోదు పుస్తకం పెట్టాము. తొలి శిక్షణకు రాదలచినవారు పేరు, ఊరు రాసి వెళ్ళండి. బావినీళ్ళవారైతే పేరు పక్కన బావి అని రాయండి, మీ కౌంటీలో ఎక్కడ పరీక్ష చేయిస్తారో మేము తెలుసుకొని చెబుతాము.